షూటింగ్ రేంజ్ రావాలి, బీల భూముల్లో మాత్రం వద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయినేడు మా మేనల్లుడి దగ్గరికి ఢిల్లీ వెళ్ళినప్పుడు తుగ్లకాబాద్‌లో కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్ చూసొచ్చాను, 1982 ఏషియాడ్ కోసం కట్టిందట. ట్రాప్ షూటింగ్ అంటే ఏటో అక్కడే కళ్ళారా చూశాను. ముందు గోతిలో 15 మెషీన్లు, వాటికి 15 మీటర్ల వెనక అయిదు చోట్ల షూటర్లు నిలబడతారు, కేకేయగానే నారింజ రంగు ప్లేటు ఎటు లేస్తుందో తెలీకుండా రివ్వున పోతుంది, అది కిందపడేలోపు కొట్టాలి. తగిలితే గాల్లోనే పొడి పొడి. పగలని ముక్కొకటి చేతిలోకి తీసుకున్నాను, క్లే అంటారు గానీ మట్టి కాదు, తారులాంటి పిచ్, సున్నపురాయి పొడి కలిపి పోసింది, ప్లేటు మొత్తం బరువు 105 గ్రాములే.

హైదరాబాద్ షూటర్ కినాన్ చెనాయ్ 2023 ఏషియన్ గేమ్స్‌లో ట్రాప్‌లో కాంస్యం, టీమ్‌తో స్వర్ణం తెచ్చాడు. అక్కడ రేంజ్ ఉంది, మన గుంటలకి, అదే మన పిల్లలకి, ఏది? 2000లో సిడ్నీ నుంచి మెడల్ తెచ్చిన కరణం మల్లీశ్వరి మన జిల్లా ఆడపిల్లే కదా, మనోళ్ళకి సత్తా లేదని ఎవరనగలరు. తుపాకీ, తూటాలు సొంతంగా కొనే స్తోమత మన ఇళ్ళల్లో లేదు కాబట్టి సర్కారే రేంజ్ కట్టి, తుపాకులు అక్కడే భద్రంగా ఉంచి నేర్పించాలి.

కానీ నా భయం స్థలం గురించి. ఖాళీగా ఉంది కదా అని ఏ తంపరో బీలో, అంటే నీళ్ళు నిలిచే తడి నేల, చూపిస్తారేమో అని. ఒక్కో తూటాలో 24 గ్రాముల సీసం గుళ్ళుంటాయండి, ఒక ప్లేటుకి రెండు తూటాలు కాల్చొచ్చు, పోటీలో 125 ప్లేట్లు, అంటే ఒక్క మనిషే 6 కిలోల దాకా సీసం నేలమీద చల్లినట్టు! ఆవగింజ కంటే కాస్త పెద్ద గుళ్ళు అవి. మన కోళ్ళు తిండి అరగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి చూడండి, నీటిబాతులు కూడా అంతే, రాయనుకుని గుళ్ళు మింగితే సీసం విషమెక్కి చస్తాయి. యూరోపియన్ యూనియన్ వాళ్ళు తడి నేలల్లో, వాటి పక్కన సీసం గుళ్ళు కాల్చకూడదని 2023 ఫిబ్రవరి నుంచి రూల్ పెట్టారు ఇందుకే.

మా టెక్కలి పక్కనే తేలినీలాపురం ఉంది, ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి, వాటి రాక శుభమని ఊరోళ్ళ నమ్మకం. అవి మేతకి పోయేది చుట్టుపక్కల తంపరలకే.

అందుకని అధికారులకి నా మనవి ఒకటే, మెట్టభూమిలో, వాననీరు చెరువులోకి దిగని చోట, కొండకి ఎదురుగా రేంజ్ కట్టండి, గుళ్ళు పడే నేల నుంచి సీసం ఎప్పటికప్పుడు ఏరి తీయించే ఖర్చు మొదటి ఎస్టిమేట్‌లోనే రాయండి, స్థలం ఖాయం చేసే ముందు ఆ ఊళ్ళో గ్రామసభ పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా