మాడపాటి వారికి దండ సరే, వకాలతు మాటేమిటి?

సంపాదకుల వారికి,

జనవరి 22న జరిగిన మాడపాటి హనుమంతరావు పంతులు గారి జయంతి గురించి మీ పత్రికలో వచ్చిన వార్తలో సగం జాగా దండ వేసినవారి పేర్లకే సరిపోయింది. మిగిలిన సగంలో ‘హైదరాబాదు తొలి మేయరు, పద్మభూషణ్ గ్రహీత, మహనీయుడు’ అని మూడు ముక్కలు. మహనీయుడన్న మాట ఈమధ్య కార్పొరేటర్ల పుట్టినరోజు ఫ్లెక్సీల మీద కూడా కనబడుతోంది కనుక దానివల్ల పంతులు గారికి కొత్తగా ఒరిగేదేమీ లేదు. మేయరు పదవి ఆయనకు 1951లో వచ్చింది, అరవై ఆరో ఏట. అంతకుముందు ఆయన వకీలు. ఆ సంగతి వార్తలో ఎక్కడా లేదు.

వకీలుగా ఆయన చేసిన పని తెలియాలంటే వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరి, సంగతి కొంచెం చెప్పుకోవాలి. అధికారి దౌరాకు, అంటే ఊళ్ల పర్యటనకు, వస్తే మూట మోసే మనిషి, బండి, కుమ్మరి కుండలు, గొల్లవారి గొర్రె, చెప్పులు కుట్టేవారి చెప్పులు అన్నీ ఊరే ఇచ్చుకోవాలి. దుకాణదారు బియ్యం, పప్పు, నెయ్యి కొలవాలి. ధర అధికారి చెప్పిందే, ఇస్తే గిస్తే. దీన్ని అదుపు చేస్తూ నిజాం సర్కారే ఫర్మానాలు (రాజాజ్ఞలు), గస్తీలు (సర్క్యులర్లు) జారీ చేసింది. కానీ అవి ఉర్దూలో ఉండేవి, కచేరీ బీరువా దాటి బయటికొచ్చేవి కావు. ఊరి అధికారులైన పటేలు పట్వారీలకు తెలిసినా చెప్పరు, చెబితే పోయేది తమ సుఖమే కదా.

1921 నవంబరులో నిజాం రాజ్యంలోని తెలుగువారి కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ సంఘం తరఫున పంతులు గారు ఆ హుకుములను వెతికి పట్టుకుని, తెలుగు చేసి, చిన్న పుస్తకాలుగా అచ్చు వేయించారు. వెట్టిచాకిరి మీద ఒకటి, వర్తక స్వాతంత్ర్యం మీద ఒకటి, మొహతర్ఫా అనే వృత్తిపన్ను మీద ఇంకొకటి. సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సిన రోజులవి. పుస్తకమైతే చేతులు మారుతూ ఊరు చేరుతుంది. రాజద్రోహం అందామా అంటే అందులో ఉన్నది సర్కారు మాటే! ఉర్దూ, ఫారసీ రెండూ క్షుణ్ణంగా వచ్చిన వకీలు గనుకే ఈ ఎత్తు పారింది.

ఆ సంఘం పుట్టుకకు కారణం కూడా ఒక వకీలుకు జరిగిన అవమానమే. హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ సభకు అధ్యక్షుడు సంఘసంస్కర్త మహర్షి కర్వే. 1928లో నారాయణగూడలో పంతులు గారి పూనికతో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల వెలసినప్పుడు ఉర్దూ చదువుల రాజ్యంలో దానికి గుర్తింపు దొరకలేదు. చివరికి ఆదుకున్నది కర్వే గారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే. ఇలాంటిది వదిలేసి దండ సైజు ఎంతో రాస్తే ఎలా?

ఇంటి మాట కూడా చెప్పాలి. ఆ సంఘమే తర్వాత ఆంధ్ర మహాసభగా ఎదిగింది. 1935లో సిరిసిల్లలో నాలుగో ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. అక్కడే జరిగిన ఆంధ్ర మహిళాసభకు ఆయన భార్య మాణిక్యమ్మ గారు అధ్యక్షురాలు. ఇప్పుడు సర్పంచిగా భార్యే గెలిచినా చాలాచోట్ల కుర్చీలో కూర్చునేది భర్తే. మాణిక్యమ్మ గారి పేరు మీ వార్తలో రాకపోవడంలో వింతేముంది!

అన్నట్టు, అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. జీవోలు మాత్రం నేటికీ ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే దిగుతున్నాయి. భూమి కాగితంలో సర్వే నంబరు తప్పుపడిందని రైతు అర్జీ పెట్టుకుంటే, తిరస్కరించిన కారణం కూడా చాలాచోట్ల ఇంగ్లీషులోనే వస్తుంది. దాన్ని చదివించుకోవడానికి ఒకరి దగ్గరికి, జవాబు రాయించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి తిరగాలి, ఇద్దరికీ డబ్బులివ్వాలి. ఈలోగా గడువు దాటుతుంది. గస్తీ పోయి జీవో వచ్చింది, బీరువా పోయి వెబ్‌సైటు వచ్చింది. జయంతినాడు నల్లకోట్లతో ఫొటో దిగిన పెద్దలు ఇలాంటి జీవో ఒక్కటి తెలుగు చేసి మండల కార్యాలయం గోడకు అంటిస్తే దండకయ్యే ఖర్చులో పదో వంతు కూడా కాదు.

నవంబరు 11న పంతులు గారి వర్ధంతి. ఫొటో వేసుకోండి, పేర్లూ వేసుకోండి. కాస్త జాగా మిగిల్చి, ఆ వెట్టిచాకిరి పుస్తకంలోంచి ఒక్క పేజీ అచ్చు వేయగలరా?

— ఒక పాఠకుడు, హైదరాబాదు