టూల్ ఒక్కటే నేర్పితే చాలదండీ

సంపాదకుడు గారికి నమస్కారం,

అమీర్‌పేటలో ఎటు చూసినా మ్యూల్‌సాఫ్ట్, ఎస్ఏపీ లాంటి కంపెనీ సాఫ్ట్‌వేర్ టూల్స్ నేర్పే కోచింగ్ బోర్డులే, నేర్చుకునే పిల్లలూ కష్టపడుతున్నారు, కాదనను. కానీ నేను ఏళ్లుగా ఇంటిగ్రేషన్ పనే, అంటే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి సమాచారం వెళ్లేలా కలిపే పనే చేస్తున్నా, కొత్తగా చేరేవాళ్లకి టూల్ వచ్చు గానీ ఆర్డర్ పడిన దగ్గర్నుంచి డబ్బులు జమయ్యేదాకా గోడౌన్‌లో, అకౌంట్స్‌లో ఏం జరుగుతుందో తెలీట్లేదు.

మా దగ్గర ఒకసారి అవతలి సర్వర్ జవాబు లేటయిందని ప్రోగ్రామ్ అదే ఆర్డర్ మళ్లీ పంపింది, అవతల రెండూ తీసేసుకున్నారు, ఒకే షాపుకి రెండు లోడ్ల సిమెంట్ వెళ్లిపోయింది. ఈ ఆర్డర్ నంబర్ ముందే వచ్చిందా అని ఒక్క చెక్ పెట్టుంటే ఆగేది!

2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలు ఇంకో వ్యాపారానికి అమ్మితే జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కదా, బిల్లు జేసన్ అనే ఫైల్ రూపంలో ప్రభుత్వ పోర్టల్‌కి వెళ్లి ఐఆర్ఎన్ అనే రిఫరెన్స్ నంబర్‌తో తిరిగి రావాలి, లేకపోతే చెల్లదు. పోర్టల్ పలకకపోతే బిల్లుని ఎక్కడ ఆపాలి, ఎవరికి చెప్పాలి, ఎప్పుడు మళ్లీ పంపాలి, అసలు స్కిల్ ఇదేనండీ.

కాలేజీలవాళ్లు ఫైనల్ ఇయర్ పిల్లల్ని ఒక వారమైనా ఏదో ఒక అకౌంట్స్ ఆఫీసులో కూర్చోబెట్టండి, ప్లీజ్.

- ఒక ఇంటిగ్రేషన్ డెవలపర్, హైదరాబాద్