ట్రంపెట్ మొదటి స్వరం ఎందుకు పగులుతోంది?

సంపాదకులకు,

పెళ్ళిళ్ళ రోజుల్లో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వీధుల్లో బ్యాండు మేళాలు వింటే ఒక లోపం పదేపదే చెవిన పడుతుంది. ట్రంపెట్ మొదటి స్వరమే పగులుతోంది. దాన్ని సరిచేయబోయి కుర్రవాళ్ళు మౌత్‌పీస్‌ను పెదవులకేసి ఇంకా అదుముతారు. అక్కడే చెడుతోంది. అదిమిన పెదవికి రక్తం ఆడదు, అది అదరదు. ఊరేగింపు సగంలోనే పై స్వరాలు పోతాయి. కుడి చిటికెన వేలిని ట్రంపెట్ మీది వేలి కొక్కెంలోంచి తీసి వాయిస్తే అదుముడు చాలావరకు తగ్గుతుంది. పెదవి మూలలు బిగువుగా, నడుమ మెత్తగా ఉండాలి.

నాలుక సంగతి మరీ ముఖ్యం. నాలుక స్వరాన్ని కొట్టదు, ఆగి ఉన్న గాలిని వదులుతుంది. 'తూ' అన్నప్పుడు కొన పైపళ్ళ వెనుక, చిగురు మొదట్లో తాకి వెంటనే దిగాలి. ఉమ్మినట్టు 'థూ' అంటూ పళ్ళ మధ్యకు తెస్తే స్వరం చిట్లుతుంది. స్వరాన్ని మెత్తగా ఎత్తుకోవడానికి 'దూ' నప్పుతుంది.

ముందు నాలుక మానేసి చూడండి. మీటలేవీ నొక్కకుండా, పాశ్చాత్య స్వరలిపిలో కింది నుంచి రెండో గీత మీది 'జి' స్వరాన్ని 'హూ' అని ఊపిరితోనే 10 సార్లు ఎత్తుకోవాలి. స్వరం ఆలస్యమైతే గాలి చాలలేదు, లేదా పెదవుల సందు మరీ తెరుచుకుంది. అది వెంటనే పలికాకే 'తూ' చేర్చాలి. 8 లెక్కలు వాయించి, 8 లెక్కలు ఆగాలి.

పెదవుల మీద మౌత్‌పీస్ ఆనించే చోటు మార్చి చూడటానికి ముహూర్తాలు లేని ఆషాఢం అనువు. ఒకసారికి ఒక్క మార్పే. మేళం పెద్దలకు మనవి: ఊరేగింపుకు ముందు పిల్లలకు 10 నిమిషాలు ఈ సాధనకు వదలండి.

— ట్రంపెట్ శిక్షకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా