మాకు అవార్డు ఇచ్చిన టెడ్రోస్ సార్‌కు ఒక ఆశా కార్యకర్త బహిరంగ లేఖ

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ డాక్టర్ టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయేసస్ గారికి,

నమస్కారం సార్.

నేను తెలంగాణలో నల్లమల అంచున ఉన్న ఒక ఊళ్ళో ఆశా కార్యకర్తను. 2008 నుంచి ఇదే పని. మీ దాకా రావాలని మొదట్లో నాకు లేదు. మా జిల్లాలో ప్రతి సోమవారం ప్రజావాణి ఉంటుంది. ఐదుసార్లు పోయి దరఖాస్తు ఇచ్చాను. ఐదు రసీదులూ టీకా కార్డులు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాను. మంత్రిగారు ఒకరు మా వైపు వస్తే ఎండలో మూడు గంటలు నిలబడి కాగితం చేతికిచ్చాం. "చూద్దాం అమ్మా" అన్నారు. సమ్మె చేశాం, వంటావార్పు చేశాం, పోలీసు బండి ఎక్కాం. ఆ "చూద్దాం" ఇంకా అక్కడే ఉంది.

మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఒక రాత్రి ఫోన్‌లో మీ గురించి చదువుతూ, "అమ్మా, మీకు అవార్డు ఇచ్చిన సారు వాళ్ళ దేశంలో మీలాంటి వాళ్ళకు ఏం చేశాడో నీకు తెలుసా?" అంది. ఆ రాత్రి రెండు గంటల దాకా దానితో చదివించుకుని విన్నాను. విన్నాక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

అవార్డు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 మే 22. గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుకు మీరు స్వయంగా ఎంపిక చేసిన ఆరుగురిలో మేం ఆశాలమూ ఉన్నాం. ఆరుగురిలో ఒకరని లెక్కేసినా మేం ఒక్కరం కాదు, 10 లక్షల మందికి పైగా ఆడవాళ్ళం. ఆ రోజు ఆదివారం. మరునాడు పొద్దున నేను మా ఊళ్ళో ముగ్గురి తెమడ డబ్బాలు సంచిలో పెట్టుకుని పీహెచ్‌సీకి పోతుంటే ఏఎన్‌ఎం మేడం ఆపి ఫోన్‌లో చూపించింది. నిజం చెప్తున్నా సార్, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా పేరు ప్రపంచం పలికిందని ఇంట్లో అందరికీ చెప్పాను. మా అత్తమ్మ "అయితే ఇకనుంచి జీతం ఇస్తారా?" అని అడిగింది. చదువు రాని మనిషి. ఆమెకు వచ్చిన ప్రశ్న తప్పు కాదు కదా సార్.

మీ కథ మీకే చెప్తున్నానని అనుకోకండి. ఇంతమంది ఉండగా మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే చెప్పక తప్పదు. మీ వైపు ఇంటిపేరు ఉండదట, మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా వస్తాయట. అంటే మీరు టెడ్రోస్, నాన్నగారు అధనోమ్. 1965లో అస్మారాలో పుట్టారు. అప్పుడది ఇథియోపియాలో ఉండేది, ఇప్పుడు ఎరిత్రియా రాజధాని. మీ చిన్నప్పుడు మీ తమ్ముడు చనిపోయాడు. అది తట్టు అయి ఉంటుందని మీరే చెప్పారు. అది వినగానే మా అమ్మాయిని ఇక చదవొద్దని కాసేపు ఆపాను. తట్టు టీకా వద్దంటే వద్దని తలుపు వేసుకునే ఇళ్ళ ముందు నేను ఎన్ని పూటలు కూర్చున్నానో లెక్క లేదు. ఒక్కో ఇంటికి నాలుగుసార్లు. జ్వరం వస్తే ఎవరిది పూచీ అంటారు, అయినా ఐదోసారి పోతాను. మీ ఇంటి ముందు కూడా అలా కూర్చునే మనిషి ఒకరు ఉండి ఉంటే మీ తమ్ముడు బతికేవాడేమో. మీకు ఆ ఆలోచన ఎన్నోసార్లు వచ్చే ఉంటుంది.

మీరు మందులు రాసే డాక్టర్ కాదు. అస్మారాలో బయాలజీ చదివారు, లండన్‌లో పీజీ చేశారు, 2000లో నాటింగ్‌హామ్‌లో సమాజ ఆరోగ్యం మీద పీహెచ్‌డీ పూర్తి చేశారు. దానికోసం మీరు తిరిగింది ఇథియోపియా ఉత్తరాన ఉన్న టిగ్రే ప్రాంతం పల్లెల్లో. చిన్న చిన్న ఆనకట్టలు కట్టిన ఊళ్ళలో పిల్లలకు మలేరియా మిగతా ఊళ్ళకంటే ఏడు రెట్లు ఎక్కువ వస్తోందని 1999లో లెక్క తేల్చారు. ఇంటింటికీ పోయి ఏ పిల్లాడికి ఎప్పుడు జ్వరం వచ్చిందో అడిగితే తప్ప ఆ లెక్క రాదు. వేలు గుచ్చి రక్తపు చుక్క తీస్తే తప్ప రాదు. ఆ పని మాకు తెలుసు. ఊరి చెరువు నిండిన ఏడాది మేమూ అదే చేస్తాం.

తర్వాత మీరు టిగ్రే ఆరోగ్య శాఖ చూశారు, 2005లో దేశ ఆరోగ్య మంత్రి అయ్యారు. 2003లో మొదలైన హెల్త్ ఎక్స్‌టెన్షన్ కార్యక్రమం మీ హయాంలోనే దేశమంతా పాకింది. ఊళ్ళో అన్నిటికంటే చిన్న పాలనా ముక్కను అక్కడ కెబెలె అంటారట, మా గ్రామ పంచాయతీ అనుకోవచ్చు. ఒక్కో కెబెలెకు ఇద్దరు ఆడపిల్లలు. అక్కడి వాళ్ళే, పదో తరగతి చదివినవాళ్ళు. ఏడాది పాటు ట్రైనింగ్. టీకాలు, మరుగుదొడ్లు, దోమతెరలు, కుటుంబ నియంత్రణ, ఇంకా ఎన్నో కలిపి 16 రకాల పనులు. ఈ 16 పనులూ మేమూ చేస్తాం, కొన్ని ఎక్కువే చేస్తాం. కానీ ఆ ఆడపిల్లలకు మీరు ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చారు. నెల నెలా జీతం ఇచ్చారు. 30 వేల మందికి పైగా!

ఇక్కడ మా అమ్మాయి చదవడం ఆపి నా ముఖం చూసింది.

మమ్మల్ని ఏమంటారో మీకు తెలుసు. స్వచ్ఛంద కార్యకర్తలు అంటారు. మాకు జీతం ఉండదు, పారితోషికం ఉంటుంది. చేసిన పనికి, కేసుకు ఇంత అని. మాకు జీతం ఇస్తే ఖజానా తట్టుకోలేదని పెద్దవాళ్ళు అంటారు. ఇథియోపియా మాకంటే పేద దేశం కదా సార్? అక్కడ పిల్లల మరణాలు 1990తో పోలిస్తే మూడింట రెండొంతులు తగ్గాయి. అదీ ఐక్యరాజ్యసమితి పెట్టిన 2015 గడువు కంటే ముందే. అందులో ఆ ఆడపిల్లల కష్టం ఎంత ఉందో మీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

కేసుకు ఇంత అంటే ఎలా ఉంటుందో ఒక్క రాత్రి సంగతి చెప్తాను. పోయిన వానాకాలం. తండాలో తొలిచూలు అమ్మాయి, 19 ఏళ్ళు. మూడో నెలలో పేరు రాసుకున్నది నేనే. ఐరన్ గోలీలు మింగిస్తే కక్కుతోందని అన్నం తిన్నాక మింగమని పక్కన కూర్చుని మింగించింది నేనే. కాళ్ళ వాపు చూసి హై రిస్క్ కార్డు మీద రాయించిందీ నేనే. రాత్రి పదకొండింటికి ఉమ్మనీరు పోయిందని ఫోన్ వచ్చింది. 108కి చేస్తే బండి వేరే కేసు మీద ఉందన్నారు. మధ్యలో వాగు. ట్రాక్టర్ ట్రాలీలో వరిగడ్డి పరిచి, మీద టార్పాలిన్ పట్టుకుని నేను, వాళ్ళమ్మ చెరో పక్క కూర్చున్నాం. నీళ్ళు చక్రం సగం దాకా వచ్చాయి. ఆ అమ్మాయి నొప్పి వచ్చినప్పుడల్లా నా చేతిని కొరికింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

రోడ్డు మీదికి వచ్చి ఆటో పట్టుకుని పోతే మొదటి ఆసుపత్రిలో బీపీ ఎక్కువుంది, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. పెద్ద దవాఖానలో బెడ్ లేదన్నారు. ఆ అమ్మాయి తండ్రి అర్ధరాత్రి ఎవరికో ఫోన్ చేసి అప్పు అడిగి ప్రైవేటులో చేర్పించాడు. తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, రెండు కిలోల మూడొందలు. తల్లి బతికింది, బిడ్డ బతికింది. నేను మెట్ల మీద కూర్చుని చీర కొంగు పిండుకున్నాను. ఆటోకు నా చేతి నుంచి ఇచ్చిన డబ్బు ఆ ఇంట్లో అడగబుద్ధి కాలేదు, ఇప్పటికీ అడగలేదు.

నెలాఖరుకు ఫారం పెట్టాను. "ప్రైవేట్ డెలివరీ, దీనికి రాదు" అని ఎర్ర పెన్నుతో గీత కొట్టి ఇచ్చారు. గీత కొట్టినావిడ మీద నాకు కోపం లేదు. ఆమెకు వచ్చిన కాగితంలో అలాగే ఉంది. కానీ నేను ఆ గీత వైపు చాలాసేపు చూశాను సార్. ఆరు నెలల గోలీలు, ఆ వాగు, ఆ మెట్లు అన్నీ ఆ గీత కింద పోయాయి. బిడ్డ ఏ బిల్డింగులో పుట్టిందన్న దాన్ని బట్టి నేను పని చేసినట్టో చేయనట్టో తేలుతుంది.

నెలకు నా చేతికి వచ్చేది పది వేల లోపే. అది కూడా ఒక్కోసారి రెండు నెలలకు కలిపి వస్తుంది. ఫోన్ రీచార్జ్ నాదే, జిరాక్సులు నావే, మీటింగుకు పోయే బస్సు ఛార్జీ నాదే. కుష్ఠు సర్వే అంటారు, షుగర్ సర్వే అంటారు, సాయంత్రం లోపు యాప్‌లో ఎక్కించమంటారు. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంక్ ఎక్కిన ఆశాలు ఉన్నారు. కరోనాలో గుడ్డ మాస్కు కట్టుకుని ఇంటింటికీ తిరిగితే నెలకు 1000 రూపాయలు అదనంగా ఇచ్చారు. ఆ రోజుల్లో మా వీధిలో పిల్లలను మా ఇంటి వైపు రానిచ్చేవాళ్ళు కాదు. ఇంత టెన్షన్ పడి ఊరి ఆరోగ్యం చూసే మనిషికి రేపు కాలు విరిగితే ఆ నెల ఏమీ రాదు. స్వచ్ఛందంగా చేస్తున్నాం కదా మరి.

ఇదంతా తప్పని చెప్పింది నేను కాదు, మీ సంస్థే. మీరు కుర్చీలో కూర్చున్నాక, 2018లో, మాలాంటి కార్యకర్తల గురించి మీ వాళ్ళు మార్గదర్శకాలు విడుదల చేశారు. మా అమ్మాయి ఆ పేజీ రెండుసార్లు చదివి తెలుగులో చెప్పింది. పనికి, పని గంటలకు, నేర్చుకున్న చదువుకు తగ్గట్టు డబ్బు ఇవ్వాలట. పూర్తిగా గానీ ఎక్కువ భాగం గానీ పనికి ఇంత అనే పారితోషికం మీద నడపకూడదట. రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలట. సార్, మీరు వద్దన్న పద్ధతిలోనే మా బతుకు నడుస్తోంది. నాలుగేళ్ళ తర్వాత మీరే మాకు అవార్డు ఇచ్చారు. ఇచ్చిన రోజు ఈ ముక్క కూడా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకో మాట. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. మీరు మంత్రిగా ఉన్నప్పుడే ఆ జీతం ఉన్న ఆడపిల్లలకు తోడుగా మహిళా అభివృద్ధి సైన్యం అని పెట్టారట. ఐదు ఇళ్ళకు ఒక ఆడమనిషి. లక్షల మంది. వాళ్ళకు జీతం లేదు. అది విని నాకు బాధ వేసింది. ఎవరి పని ఉద్యోగం అవుతుందో, ఎవరి పని సేవ అవుతుందో మీ దగ్గర కూడా ఒక గీత ఉందన్నమాట. మిమ్మల్ని తప్పు పట్టే అంతటిదాన్ని కాదు. ఆ అక్కల తరఫున కూడా అడుగుతున్నాను, అంతే.

జీతం ఆగితే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. యుద్ధంలో మీ టిగ్రేలో, మెకెలెలోని ఐడర్ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు నెలల తరబడి జీతాల్లేకుండా రోగులను చూశారు. మీ సొంత మనుషులకు డబ్బు పంపాలన్నా పంపలేకపోతున్నానని మీరు నలుగురి ముందు చెప్పుకున్నారు. ఆ మాట చెప్పిన మనిషికి మా మాట అర్థమవుతుందనే రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఒక ఉత్తరం రాయండి. ఢిల్లీకి రాయండి, హైదరాబాద్‌కు రాయండి, అమరావతికి రాయండి. మీరు అవార్డు ఇచ్చిన ఆడవాళ్ళకు మీ సంస్థ చెప్పినట్టు జీతం ఇస్తున్నారా అని అడగండి. మేం అడుగుతున్నది 18 వేలు. ఫిక్స్‌డ్‌గా. పీఎఫ్, ఈఎస్ఐ. కార్యకర్త అనే మాట తీసేసి ఉద్యోగి అని రాసిన ఒక కాగితం. మీ చేతిలో మా ప్రభుత్వాల ఖజానా లేదని నాకు తెలుసు. మీ నోట్లో మాట ఉంది కదా సార్. మేం ఐదుసార్లు అంటే రసీదు ఇస్తారు, మీరు ఒక్కసారి అంటే పేపర్లో వస్తుంది. మీ పదవి 2027 ఆగస్టు దాకే అని మా అమ్మాయి చెప్పింది. ఆ లోపే అడగండి. దయచేసి అడగండి.

ఉత్తరం పెద్దదైంది. రేపు బుధవారం, టీకాల రోజు. పదకొండు మంది పిల్లల పేర్లు రాసుకున్నాను. అందులో ఆ ట్రాక్టర్ పాప కూడా ఉంది, దానికి తట్టు టీకా మొదటి డోసు. వాళ్ళ నాన్నమ్మ వద్దంటోంది. పొద్దున్నే పోయి కూర్చోవాలి.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త,
నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ