బర్మా బజారు క్యాసెట్టులో అరువు పాటలు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

రేయ్ బావా,

ఎట్టుండావు? ఎండల గురించి నువ్వేం చెప్పబాకు. ఇక్కడ మధ్యాహ్నం పూట ట్రంకు రోడ్డులో కుక్క కూడా కనపడ్డంలే. ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "డ్యూటీకి టైమైంది రా" అంటావు, అందుకని పెన్ను పట్టా. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతా, పెద్దది చేసుకొని చదువుకో. నా చేతిరాత మీద మాత్రం జోకులెయ్యబాకు.

సంగతేందంటే, మొన్న బీరువా మీద అట్టపెట్టె దించితే మన క్యాసెట్టు దొరికింది. అదేరా, 1994లో మీ నాయన చెప్పులు కొనుక్కోమని ఇచ్చిన డబ్బులు పెట్టి మద్రాసు బర్మా బజారులో నువ్వు కొనుక్కొచ్చిందే. ఏ సైడు ఇంగ్లండు జోడీ పెట్ షాప్ బాయ్స్, బీ సైడు డిస్కో బృందం బోనీ ఎం. టేపంతా బూజు పట్టింది. పెట్టి వినడానికి టేప్‌రికార్డరు మాత్రం యాడుంది? అట్ట మీద నువ్వు రాసిన పేర్లు చూసుకుంటా ఒక్కో పాటే యూట్యూబ్‌లో విన్నా. ఆడే మొదలైంది నా ఏడుపు.

మనం నెత్తిన పెట్టుకొని తిరిగిన పాటల్లో సగం వాళ్ళవి కావురా!

'ఆల్వేస్ ఆన్ మై మైండ్' ఉంది కదా. కీబోర్డు బిట్టు నేర్చుకోడానికి నాకు పదిరోజులు పట్టింది, అది పెట్ షాప్ బాయ్స్ సొంత సొమ్మనే అనుకున్నా. 1972లోనే ఎల్విస్ ప్రెస్లీ పాడేశాడంట. అదే ఏడు ఇంకా ఒకరిద్దరు పాడారు. 1982లో విల్లీ నెల్సన్ పాడితే అమెరికా అంతా మోగిపోయింది. వీళ్ళ వంతు వచ్చేసరికి 1987. ఎల్విస్ పోయి పదేళ్ళయిందని ఇంగ్లండు టీవీలో ఒక కార్యక్రమం పెట్టి, పిలిచిన వాళ్ళందరినీ ఎల్విస్ పాట ఒకటి పాడమంటే వీళ్ళు ఇది ఎంచుకున్నారు. ఆ క్రిస్మస్‌కి అక్కడ అదే నంబర్ వన్.

మూడూ వరసగా పెట్టుకొని విన్నా. ఎల్విస్ అది రికార్డు చేసేనాటికి పెళ్ళాం విడిపోయి నెలో రెణ్ణెల్లో. గొంతులోనే తెలిసిపోతా ఉంటుంది, మనిషి కుమిలిపోతుండాడు. నెల్సన్ పాడితే అరుగు మీద కూర్చొని పాత తప్పులు ఒప్పుకునే పెద్దాయన మాదిరిగా ఉంటుంది. ఇంక మనవాడు, పెట్ షాప్ బాయ్స్‌లో పాడే నీల్ టెన్నంట్! నిన్ను సరిగ్గా చూసుకోలేదేమో, అయినా మనసులో ఎప్పుడూ నువ్వే అనే మాటని కరెంటు బిల్లు చదివినట్టు చదువుతాడు. వెనక డ్రమ్ మెషీన్, సింథసైజర్లు పండగ చేసుకుంటా ఉంటాయి. అప్పుడు తట్టింది నాకు. వీడు క్షమాపణ చెప్పడంలేదురా, సాకు చెప్తుండాడు! ఎల్విస్ ఏడుపులో కొట్టుకుపోయిన ఆ సాకు పాటలో మొదట్నించీ ఉండాది. వీళ్ళు కొత్తగా పెట్టిందేం లేదు. ఏడుపు తీసేశారు, అంతే.

ఇంకోటి చెప్తా, 'గో వెస్ట్'. ఇది 1979లో విలేజ్ పీపుల్ అనే అమెరికా బృందం పాట. పడమటికి పోదాం, ఆడ హాయిగా బతుకుదాం అని సంబరంగా ఉంటుంది. పడమరంటే శాన్‌ఫ్రాన్సిస్కో. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు దాక్కోకుండా బతకొచ్చని నమ్ముకున్న ఊరు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే ఎయిడ్స్ బయటపడింది, ఆ ఊరు చాలా మందిని పోగొట్టుకుంది. 1992లో మాంచెస్టర్‌లో ఎయిడ్స్ సాయం కోసం పెట్టిన కార్యక్రమంలో పెట్ షాప్ బాయ్స్ మొదటిసారి ఇది పాడారు, మరుసటేడు రికార్డు వదిలారు. వెనక మగవాళ్ళ బృందగానం, వీడియోలో మాస్కో ఎర్ర మైదానం. అప్పటికి సోవియట్ యూనియన్ కూలి రెండేళ్ళు. కాబట్టి పడమరంటే ఇంకో అర్థం కూడా వచ్చి కూర్చుంది. పల్లవిలో మాట మారలా, కానీ 1979లో బయల్దేరినోడి పాట 1993కి చేరలేనోళ్ళ పాటయింది. మనం దీనికి కాలేజీ యానివర్సరీలో స్టెప్పులేశాం, గుర్తుందా? నువ్వు ఎర్ర చొక్కా, నేను మా అన్న ప్యాంటు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉండాది గానీ, తెలిసి చేసింది కాదు కదా.

బోనీ ఎం సంగతి పొడుగ్గా చెప్పను. 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' 1970లో జమైకావాళ్ళ పాట, ద మెలోడియన్స్ అని. వీళ్ళది 1978. మాటలు బైబిల్లో 137వ కీర్తన. చెరపట్టిన వాళ్ళు మా కోసం ఒక పాట పాడండిరా అంటే, పరాయి నేల మీద మా దేవుడి పాట ఎట్టా పాడతామని ఆ బందీలు ఏడుస్తారు. దానికి మనం నవరాత్రుల పందిట్లో చప్పట్లు కొట్టించాం! నువ్వు కువైట్‌లో ఉండావు కాబట్టి ఆ కీర్తన ఒకసారి చదువుకో.

ఇదంతా విన్నాక నాకు పిచ్చి పట్టింది. మా మేనల్లుడికి చెప్తే 'టెయింటెడ్ లవ్' వినమన్నాడు. 1981లో సాఫ్ట్ సెల్ అనే ఇద్దరు చేసింది. అసలు పాట అంతకు పదహారేళ్ళ ముందు గ్లోరియా జోన్స్ అనే అమెరికా ఆవిడ పాడింది, ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలా. ఉత్తర ఇంగ్లండు క్లబ్బుల్లో పాత అమెరికా రికార్డులు ఏరుకొచ్చి వేసేవాళ్ళుంటే, ఆడ బతికింది. నేను బిత్తరపోయింది ఎందుకంటే, ఆవిడ పాడిందే స్పీడు, వీళ్ళది నిదానం! డాన్సు పాట చెయ్యాలంటే టెంపో పెంచాల అని ముప్పయ్యేళ్ళుగా మనం నమ్ముతుండామే, వీళ్ళు తగ్గించి అమెరికా చార్టులో 43 వారాలు కూర్చోబెట్టారు. ఇంకో తమాషా, రికార్డు రెండో వైపు కూడా వేరేవాళ్ళ పాటే వేశారంట. పాట రాసినవాళ్ళకు పోయే రాయల్టీ ఈ ఇద్దరి చేతికి ఒక్క పైసా రాలా. వెనకవైపు సొంత పాట పెట్టుకోనుంటే జన్మంతా కూర్చొని తినేవాళ్ళు. మన ఆర్కెస్ట్రా లెక్కలు మాదిరే ఉండాది కదా?

మనవాళ్ళ రీమిక్సులు వింటే నాకు కడుపు మండేది ఈడే. 'వెల్లువొచ్చి గోదారమ్మ' తీసుకో. 1982లో 'దేవత' కోసం చక్రవర్తి కట్టాడు, రాసింది వేటూరి. 2019లో 'గద్దలకొండ గణేష్'లో మళ్ళీ వచ్చింది, బిందెలతో సహా. చూడ్డానికి బాగుంది, కాదన్ను. కానీ పాట ఉండాల్సిన చోటే ఉంది, పక్కన సౌండు బాక్సులు మాత్రం పెరిగాయి. గోడకి సున్నం కొట్టినట్టు. ఇంకా పాతిక పాటలకు ఇదే వరస.

మాటలు చెప్పడమెందుకు, చేసి చూపిద్దామని పోయిన నెల కావలిలో ఒక షష్టిపూర్తికి ప్రోగ్రాం ఒప్పుకొని ఆ పాటే నిదానంగా వాయించా. కరెంటు డ్రమ్ ప్యాడ్స్ లేవు, తబలా లేదు. కీబోర్డు మీద ఎడమచేత్తో ఒక్క స్వరం పట్టుకొని సాగదీశా, గాయని పిల్లకి గొంతు దించి పాడమన్నా. నిజం చెప్తుండా బావా, పల్లవి రెండోసారి వచ్చేసరికి అందులోంచి పడవవాళ్ళ పాట లేచింది. వరదొస్తుందని సంబరమో, భయమో తెలియకుండా అయిపోయింది.

జనానికేం లేవలా. పెళ్ళికొడుకు మాదిరి ముస్తాబైన ఆ పెద్దాయన స్టేజీ కేసి ఒకసారి, గడియారం కేసి ఒకసారి చూశాడు. మూడో నిమిషంలో ఈవెంటు కుర్రాడు పరిగెత్తుకొచ్చి "అన్నా, డాన్సు పాట చెప్తే సంతాప సభ చేస్తుండారేంది" అని మైకు పక్కనే అన్నాడు, అందరికీ వినబడింది. లెక్కలో వెయ్యి రూపాయలు కోసేశారు. సర్దుకుంటా ఉంటే జనరేటరు అబ్బాయి ఒక్కడొచ్చి, "ఇందాక వాయించిందేంది సార్, యాడో విన్నట్టుండాది గానీ అందటంలే" అన్నాడు. చెప్పకుండా వచ్చేశా. మంచి పని చేశానా, చెడగొట్టానా అని ఇప్పటికీ తేలలా.

మేనల్లుడు దాన్ని రికార్డు చేసి అమ్మకానికి పెడదామంటే చట్టం తిరగేశాం. కాపీరైటు చట్టంలో 31సీ అని ఒక సెక్షను, 2012 సవరణలో పెట్టారు. పాట మొదట రికార్డయిన ఏడు పోయాక అయిదేళ్ళు దాటితే, ముందుగా నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టి కవర్ చేసుకోవచ్చు, అంటే అదే పాటని మనం మళ్ళీ పాడి రికార్డు చేసుకోవచ్చు. బాగానే ఉంది. కానీ రికార్డింగుకి అవసరమైతే తప్ప పాటలో మార్పు చెయ్యకూడదంట! అంటే ఉన్నది ఉన్నట్టు అచ్చు గుద్దితే దారుంది, కొత్తగా చూస్తానంటే హక్కుదారు కాళ్ళు పట్టుకోవాల. మన మాదిరివాళ్ళకు ఏడాదికి 50,000 కాపీల డబ్బు కట్టడమనేది ఎటూ కలే అనుకో.

ఈ గొడవ మనూరికి కొత్తేం కాదు. 2017లో ఇళయరాజా దగ్గర్నించి మన బాలుకి నోటీసొచ్చినప్పుడు వారం రోజులు టీ కొట్లో ఇదే రచ్చ. పాట కట్టినోడిదా, పాడినోడిదా అని నువ్వూ నేనూ ఫోన్‌లో అరుచుకున్నాం. ఊరోడని నేను బాలు పక్కన నిలబడ్డా. ఆయన మాత్రం ఒక్క మాట తూలకుండా, ఆ అమెరికా టూరులో ఇళయరాజా పాటలు పాడటం మానేశాడు. ఇప్పుడు ఆలోచిస్తే నీ వాదనలోనూ పస ఉంది. వెయ్యి రూపాయలు పోయాక మనిషికి కొంచెం న్యాయం తెలుస్తుంది.

సరే, అసలు పని చెప్తా. క్యాసెట్టులో ఏ సైడు చివర 'గో వెస్ట్' సగంలో తెగిపోతుంది కదా, టేపు అయిపోయి. మిగతా సగం నేను వినింది ఈ వారంలోనే. తెగిన కాడ నుంచి మనమే ఒక ముగింపు అల్లి, తెలుగులో నాలుగు వాక్యాలు పెట్టి యానివర్సరీలో పాడాం. మైపాడు బీచి అని వస్తుంది చూడు, మనకి తూర్పునున్న సముద్రం పడమట ఉన్నట్టు! మొదటి రెండు వాక్యాలు నాకు గుర్తుండాయి, తర్వాత రెండూ నువ్వు కట్టినవి. గింజుకున్నా రావడంలే. రాసి పంపు, వరస కూడా ఫోన్‌లో పాడి పంపు. రొట్టెల పండక్కి వస్తానన్నావు కదా, వచ్చేటప్పుడు ప్యాడ్స్ స్టిక్కులు మర్చిపోబాకు.

నీ
కీబోర్డు గాడు