ముక్కుకు అలవాటు కాదు

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి కాలువ గట్టు పొడవునా వయ్యారిభామ విరగబూసి, ఆ దారిన నడిచేవాళ్లు తుమ్ములతో సతమతమవుతున్నారని పంచాయతీలో మొరపెట్టుకుంటే, "కొన్నాళ్లకు అదే అలవాటైపోతుంది లెండి" అన్నారు. వాసన విషయంలో ఆ మాట నిజమే. ఎండుచేపల దుకాణంలో కాసేపు కూర్చుంటే ఆ వాసన మనకు తెలియదు. పుప్పొడి పడనివాళ్ల ముక్కు తీరు మాత్రం దీనికి తలకిందులు.

1960ల చివర అమెరికాలో జాన్ కానెల్ అనే వైద్యుడు, రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడిని కొలిచి, అది పడనివారి ముక్కుల్లోకి వరసగా రోజూ వదిలి చూశారు. మొదటిరోజు ముక్కు దిబ్బడ వేయడానికి ఎంత పుప్పొడి కావలసి వచ్చిందో, కొద్దిరోజులు పోయాక అందులో చిన్న భాగమే అంత పనీ చేసింది. రాగ్‌వీడ్ మన వయ్యారిభామకు దాయాదే. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానివి.

పుప్పొడి తగిలిన నిమిషాల్లోనే ముక్కు పొరలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడంతో తుమ్ములు, దురద, నీళ్లు కారడం మొదలవుతాయి. అవి సర్దుకున్నాయనుకున్న కొన్ని గంటలకు ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు వచ్చి చేరి వాపును నిలబెడతాయి. ఆ వాపు తీయకముందే మర్నాడు మళ్లీ పుప్పొడి పడితే ముక్కు మరింత తేలిగ్గా రేగుతుంది. అలా రేగిన ముక్కుకు పుప్పొడే అక్కర్లేదు, పొగో ఘాటో చాలు. నేను రోజూ ఆ గట్టు మీదుగానే సైకిల్‌పై పాలకేంద్రానికి వెళ్తాను. మొదటి వారం తుమ్ములు గట్టు దాటితే ఆగిపోయేవి. మూడో వారానికి, ఇంట్లో పోపులో ఎండుమిర్చి పడగానే తువ్వాలు ముక్కుకు అడ్డంపెట్టుకుని వీధిలోకి పరుగెత్తవలసి వచ్చింది. విశాఖలో మా అమ్మాయి ఇంట్లో పదిహేను రోజులు ఉన్నాక మాత్రం అదే పోపు ఏమీ చేయలేదు. మా కోనసీమలో కొబ్బరి పీచు దుమ్ము కూడా పడనివాళ్ల అవస్థ వేరే చెప్పాలా?

కాబట్టి ఏడాదికోసారి, అదీ పూత మీదున్నప్పుడు, ఫొటోల కోసం గట్టు శుభ్రం చేయడం వల్ల ఒరిగేది తక్కువ. మొలిచిన నెల, నెలన్నరలోనే పూతకొచ్చే మొక్క ఇది. పూసిన తరువాత పీకితే ఆ పుప్పొడి పీకేవాళ్ల మొహాల మీదే రాలుతుంది. తొలకరి పడ్డాక నెలకోసారైనా, పూత రాకముందే వేళ్లతో సహా తీయించాలని, పీకే కూలీలకు చేతి తొడుగులు, మాస్కులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా పంచాయతీలనూ నీటిపారుదల శాఖనూ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కోనసీమ