సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్ కొనాలనుకుంటున్న మా కస్టమర్లకు

ఈ మధ్య షెడ్‌కి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే రకంగా ఉంటున్నాయి. "అన్నా, మంచి సెడాన్ ఒకటి దొరికింది. కొత్త మామూలు కారు ధరకే వస్తోంది. తీసుకోమంటావా?" అని అడుగుతారు, వెంటనే నాలుగు ఫొటోలు పంపుతారు. సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వాలట, లేకపోతే వేరే పార్టీ రెడీగా ఉందట. ఇలాంటి ప్రశ్నలకు ఇకపై ఫోన్లో అవును, కాదు అని చెప్పకూడదని మా షెడ్‌లో నిర్ణయించుకున్నాం. ఎందుకు అలా అనుకున్నామో, దాని బదులు ఏం చేయబోతున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా మా లాభనష్టాల సంగతి దాచకుండా చెప్తాను. మీరు సమస్యలున్న కారు కొంటే పైకి చూడటానికి మాకు లాభమే. చెకింగ్‌కి తీసుకునే ఫీజు ఒక గేర్‌బాక్స్ పని ముందు ఏ మూలకీ రాదు. మరి వద్దని ఎందుకు చెప్తామంటే, అలాంటి కారు చాలాసార్లు మా షెడ్‌లోనే ఆగిపోతుంది. ఇంజిన్ విప్పి, ఏ పార్టులు కావాలో రాసి, ఎస్టిమేట్ చెప్పేసరికి ఓనర్ దగ్గర డబ్బు ఉండదు. "వచ్చే నెల చూద్దాం" అంటారు. ఆ వచ్చే నెల రాదు. విప్పిన కారు కవరు కింద ఓ మూల ఉండిపోతుంది, ఓనర్ మొహమాటానికి మా ఫోన్ ఎత్తడం మానేస్తారు. మాకు డబ్బు రాదు, జాగా పోతుంది, మనిషీ దూరమవుతారు. కాబట్టి మీరు మంచి కారు కొనడంలో మా స్వార్థం కూడా ఉంది.

అసలు విషయానికి వస్తే, చాలా లగ్జరీ సెడాన్లు మొదటి ఐదేళ్లలోనే సగం విలువ పోగొట్టుకుంటాయి. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటాయి. అందుకే చేతికి అందే ధరలో కనిపిస్తాయి. తగ్గేది కారు ధర మాత్రమే. కొత్తప్పటి ధరలో మూడో వంతుకి కారు దొరికిందని దాని హెడ్‌లైట్ మూడో వంతుకి రాదు. ఈ తరం ఎల్ఈడీ హెడ్‌లైట్లలో బల్బు మార్చే పని ఉండదు, చాలా మోడళ్లలో ఏదైనా పోతే మొత్తం యూనిట్ మార్చాల్సిందే. ఆ యూనిట్ ధర కారు షోరూంలో ఉన్న రోజుల స్థాయిలోనే ఉంటుంది. బ్రేక్ డిస్కులు, ఎయిర్ సస్పెన్షన్ బ్యాగులు (స్ప్రింగుల బదులు కారును మోసే గాలి సంచులు), కంట్రోల్ యూనిట్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) అన్నీ ఇంతే. మీరు కొనేది పాత కారే అయినా దాన్ని పోషించేది కొత్త కారు లెక్కల్లో.

అందుకే ఎవరైనా "నా బడ్జెట్ ఇంత" అనగానే నేను అడిగేది, కారు కొన్న మర్నాడు చేతిలో ఎంత మిగులుతుంది అని. నా లెక్క ప్రకారం కొన్న ధరలో కనీసం ఐదో వంతు మొదటి ఏడాది కోసం విడిగా పెట్టుకోవాలి, దాన్ని ఇంకో అవసరానికి ముట్టుకోకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ ఉన్న సూత్రం కాదు, షెడ్‌లో బిల్లులు రాసి రాసి వచ్చిన అంచనా. ఉన్న డబ్బంతా కారుకే పెట్టి, పైన లోన్ కూడా తీసుకునే ఉద్దేశం ఉంటే, నా సలహా ఆ క్లాసు కారు ఇప్పుడు వద్దనే. నెలవారీ వాయిదా, రిపేర్ బిల్లు ఒకే వారంలో వచ్చి పడితే ఉండే టెన్షన్ ముందు లెదర్ సీట్ల సుఖం ఆనదు.

మొదటి ఏడాదే అంత ఖర్చు దేనికి అంటారు. చాలామంది ఓనర్లు ఎనభై వేలు, లక్ష కిలోమీటర్లు దాటే సమయానికి అమ్మేస్తారు. సరిగ్గా అప్పుడే టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, కూలింగ్ సిస్టంలోని ప్లాస్టిక్ భాగాలు ఒకదాని వెనక ఒకటి అయిపోతుంటాయి. బ్యాటరీ చిన్న విషయం అనుకుంటాం కదా. బీఎండబ్ల్యూల్లో కొత్త బ్యాటరీ పెట్టాక దాన్ని స్కానర్‌తో, అంటే కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరంతో, కారులో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీయే ఉందనుకుని ఛార్జింగ్ సిస్టం దాని లెక్కనే నడుపుతుంది, కొత్తది త్వరగా పాడవుతుంది. స్టెప్నీ లేకుండా రన్‌ఫ్లాట్ టైర్లతో (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వచ్చే మోడళ్లలో టైర్ల ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి మా దగ్గర దాదాపు రోజూ వాదన నడుస్తుంది. ఈ కార్లలో చాలావాటికి జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. నాకు తెలిసిన మంచి గేర్‌బాక్సుల్లో అదొకటి. కొన్ని కార్ల కంపెనీలు దాని ఆయిల్ కారు జీవితకాలం ఉంటుందని, మార్చనక్కర్లేదని చెప్తాయి. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే వింటాను. అమ్మేవారు "సర్వీసులన్నీ టైముకి చేయించాం" అని ఫైలు చూపిస్తే ముందు అందులో గేర్ ఆయిల్ బిల్లు ఉందా అని చూస్తాను. అబద్ధం చెప్పకపోయినా ఆ బిల్లు ఉండకపోవచ్చు, ఎందుకంటే కంపెనీ సర్వీసు లిస్టులోనే అది లేదు మరి.

మోడళ్ల సంగతికొస్తే, "ఫలానా బ్రాండ్ మంచిది, ఫలానాది చెడ్డది" అనే మాట నేను అనను. ఇంజిన్‌ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి మాట్లాడాలి. 2015కి ముందు తయారైన బీఎండబ్ల్యూ ఎన్20 పెట్రోల్ ఇంజిన్లలో టైమింగ్ చైన్‌ని (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగే సమస్య ఉంది. అదే కంపెనీ ఎన్47 డీజిల్‌లో చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. పార్టు చిన్నదే, దాని దగ్గరికి చేరడానికే పెద్ద పని. 2009 నుంచి 2011 వరకు ఆడి ఏ4లో వచ్చిన 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్లు చాలావరకు ఆయిల్ ఎక్కువగా తాగుతాయి. లెక్సస్ ఈఎస్ 300హెచ్ లాంటివి నడపడానికి అంత హుషారుగా ఉండవంటారు, ఉండకపోవచ్చు. దాని హైబ్రిడ్ వ్యవస్థ టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌కి చాలా దగ్గరిది, ఆ పని తెలిసిన చేతులు ఎక్కువ. బడ్జెట్ తక్కువ ఉన్నవారికి నేను ఆ దారే చూపిస్తాను.

ఒకే డబ్బుకి పదేళ్ల పాత పెద్ద ఫ్లాగ్‌షిప్ (కంపెనీ అన్నిటికన్నా పై మోడల్) కారూ వస్తుంది, ఐదేళ్ల పాత చిన్న సెడానూ వస్తుంది. చాలామంది మనసు పెద్దదాని మీదికి పోతుంది. నేను చిన్నది తీసుకోమంటాను. అందులోనూ నాలుగు సిలిండర్ల ఇంజిన్, మామూలు స్టీల్ స్ప్రింగుల సస్పెన్షన్, చిన్న సైజు చక్రాలున్నది వెతకమంటాను. ఆప్షన్లు ఎన్ని ఎక్కువ ఉంటే చెడిపోయేవి అన్ని ఎక్కువ. డీజిల్ అయితే మీ తిరుగుడు ఎలా ఉందో చూసుకోండి. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారులో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్‌కి (పొగలోని మసిని పట్టే జల్లెడ) శుభ్రపడేంత వేడి రాదు, మసితో మూసుకుపోతుంది.

ఇక చెకింగ్ విషయం. కారు మా దగ్గరికి వచ్చినా, మేమే అమ్మేవారి దగ్గరికి వెళ్లినా, మొదట చేసే పని బానెట్ మీద చెయ్యి పెట్టడం. వెచ్చగా ఉంటే ఆ రోజుకి అక్కడే ఆపేస్తాం. చైన్ గలగల, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో వచ్చే నీలం పొగ, వాల్వుల చప్పుడు ఇవన్నీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. పది నిమిషాలు నడిచిన ఇంజిన్ చాలా విషయాలు దాచేస్తుంది. "మీరొస్తున్నారని తీసి రెడీగా పెట్టాను సార్" అన్నవారిలో అందరూ మోసగాళ్లు కారు. ఉద్దేశం ఏదైనా, మాకు కావాల్సింది మాత్రం రాత్రంతా కదలకుండా నిలిచిన ఇంజిన్.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే ఆ నిలిచిన రాత్రే సగం చెకింగ్ చేసిపెడుతుంది. సాయంత్రం నాలుగు చక్రాల దగ్గర ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్య వరకు టేపుతో కొలిచి రాసుకుంటాం. పొద్దున మళ్లీ కొలుస్తాం. ఒక మూల రెండు వేళ్ల మందం కిందికి దిగి ఉంటే అక్కడ గాలి లీకవుతోందని అనుమానిస్తాం. స్టార్ట్ చేయగానే కారు మళ్లీ లేచి నిలబడుతుంది, అందుకే పగలు చూసినవారికి ఏమీ తెలియదు. ఆ లీకుని కప్పిపుచ్చడానికి కంప్రెసర్ అదే పనిగా తిరిగి తిరిగి కాలిపోతుంది. అప్పుడు ఒక బ్యాగు ఖర్చు కాస్తా బ్యాగు, కంప్రెసర్ రెండింటి ఖర్చవుతుంది.

స్కానర్ పెట్టినప్పుడు తప్పులేమీ చూపించలేదంటే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నేను ఆ తర్వాతి పేజీ చూస్తాను. తప్పుల కోడ్లు చెరిపేసినప్పుడు కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు మళ్లీ మొదటికొస్తాయి, కొంతకాలం మామూలుగా నడిస్తేగానీ పూర్తి కావు. అవన్నీ "పూర్తి కాలేదు" అని చూపిస్తే కోడ్లు ఈ మధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. రెండోదైతే కారణం అడుగుతాం. మీటర్ వెనక్కి తిప్పారేమో అన్న అనుమానానికీ ఇక్కడే కొంత జవాబు దొరుకుతుంది. చాలా మోడళ్లలో కిలోమీటర్లు మీటర్‌లో ఒక్కచోటే కాకుండా ఇతర కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతాయి. రెండుచోట్ల రెండు అంకెలుంటే ఇక మాట్లాడాల్సిన పని లేదు.

పెయింట్ మందం కొలిచే పరికరం కూడా వాడతాం. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక డోర్ మీద మాత్రం అది ఎన్నో రెట్లు చూపిస్తే కింద పుట్టీ ఉంది. డోర్ మీద పుట్టీ ఉంటే ధర తగ్గించమని అడగొచ్చు. పైకప్పు మోసే పిల్లర్ మీద ఉంటే మాత్రం వెనక్కి వచ్చేయమంటాను. ఇంటీరియర్ మీద మేం పెద్దగా టైం పెట్టం. మీరే చూసుకోగలరు. కార్పెట్ కింద, సీటు పట్టాల బోల్టుల దగ్గర తుప్పు, బురద ఉన్నాయా అన్నది ఒక్కటే మేం చూస్తాం, నీళ్లలో మునిగిన కారు అక్కడే దొరికిపోతుంది.

ఇవన్నీ చేయడానికి దాదాపు ఒక పూట పడుతుంది, దానికి ఫీజు ఉంటుంది. ఆ ఫీజు ఎక్కువని కొందరు బేరమాడతారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది. చెకింగ్ ఫీజులో తగ్గింపు ఇవ్వం. కారు మీరు కొన్నా, కొనకపోయినా ఫీజు అంతే. అమ్మేవారి దగ్గర నుంచి, మధ్యవర్తుల దగ్గర నుంచి మేం కమీషన్ తీసుకోం. "ఫలానా షెడ్ వాళ్లు ఓకే అన్నారు" అని మా పేరు చెప్పి ఎవరైనా కారు చూపిస్తే రాతపూర్వక రిపోర్ట్ అడగండి. రిపోర్ట్ లేకపోతే మేం ఆ కారు చూడలేదని అర్థం.

రిపోర్ట్‌లో ఇకపై "కొనొచ్చు, కొనకూడదు" అన్న మాట ఉండదు. దాని బదులు మూడు భాగాలు రాస్తాం: ఇప్పుడే చేయించాల్సినవి, ఏడాదిలోపు రాబోయేవి, గమనిస్తూ ఉండాల్సినవి. మొదటి రెండింటి పక్కన మా అంచనా ఖర్చు ఉంటుంది. వాటి మొత్తం మీరు విడిగా పెట్టుకున్న డబ్బు కన్నా ఎక్కువైతే నిర్ణయం మీ కళ్లముందే ఉంటుంది. రిపోర్ట్ పట్టుకుని అమ్మేవారితో ధర మాట్లాడుకోవచ్చు కూడా.

ఇంకో మార్పు. కొన్ని రకాల పనులు మేం ఇక తీసుకోవడం లేదు. పన్నెండు సిలిండర్ల ఇంజిన్లకు, హైడ్రాలిక్‌తో నడిచే యాక్టివ్ సస్పెన్షన్‌కు కావాల్సిన టూల్స్ మా దగ్గర లేవు. వేరేచోట చేయించి మా బిల్లు వేసే పద్ధతి నాకు నచ్చదు. అలాంటి కారు కొనాలనుకుంటే, కొనే ముందే దాన్ని బాగుచేయగల షెడ్ ఎక్కడుందో చూసుకోండి.

ఇదంతా చదివి లగ్జరీ కారు కొననే వద్దంటున్నానని అనుకోకండి. మా కస్టమర్లలో ఇలాంటి కార్లని ఏళ్ల తరబడి హాయిగా నడుపుతున్నవారు ఉన్నారు. వారిలో నాకు కనిపించిన పోలిక ఏమిటంటే, ఇంట్లో ఇంకో బండి ఉంటుంది, అందుకే పార్టు కోసం వారం ఆగాల్సి వచ్చినా కంగారు పడరు. వార్నింగ్ లైట్ వెలిగితే ఆ వారంలోనే వస్తారు. కొన్నప్పుడు కూడా తమ స్తోమతలో అందే అత్యంత ఖరీదైన మోడల్ జోలికి పోకుండా ఒక మెట్టు కింద ఆగారు.

చెకింగ్ బుకింగులు ఇకపై ఉదయం పూట మాత్రమే. ముందు రోజు సాయంత్రం నుంచి కారు స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి చెప్పండి, సర్వీసు బిల్లుల ఫైలు, రెండు తాళాలు దగ్గర ఉంచమనండి. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి, సాయంత్రం మా కుర్రాడు వచ్చి కొలతలు తీసుకుంటాడు. అడ్వాన్స్ మాత్రం చెకింగ్ అయ్యేదాకా ఇవ్వకండి. చెకింగ్‌కి అమ్మేవారు ఒప్పుకోకపోతే ముందు రోజు ఫోన్ చేసి చెప్తే చాలు, ఆ బుకింగ్‌కి డబ్బు తీసుకోం.